నర్సమ్మ దువ్వెన

తిరువళ్లూరు చుట్టుపక్కల వృద్ధాశ్రమాలను తనిఖీ చేసి మార్కులు వేసే పనిలో నాతో ఒక రిటైరైన నర్సమ్మ వచ్చేది. ఫారం నేను నింపేవాణ్ణి. ఆమె మాత్రం సంచిలోంచి దువ్వెన తీసి ఎవరో ఒక అవ్వకు తల దువ్వేది. చిక్కు తగలకపోతే, "బాగానే చూసుకుంటాండారు, రాసుకోప్పా" అనేది.

తిరుత్తణిలో ఒక ఆశ్రమానికి పోతే అవ్వలందరికీ గుండ్లే. కొండమీది సామి మొక్కనుకొని 'భక్తి బాగుంది' అని రాసేశాను.

"మొక్కా, అవ్వా?" అని నర్సమ్మ ఒకామెను అడిగింది.

"మొక్కేందమ్మా! దువ్వేదానికి మనుషులు లేరని కొట్టించేసినారు."

నర్సమ్మ చేతిలో దువ్వెన అట్లాగే ఉండిపోయింది. అవ్వ దాన్ని లాక్కుని, ఆమెను కూర్చోబెట్టి, ఆమె తలే దువ్వడం మొదలుపెట్టింది. నేను రాసింది కొట్టేశాను.

"ఎన్ని మార్కులు వేసేదక్కా?"

నర్సమ్మ కళ్లు తెరవలేదు.

"ఉండప్పా, అవ్వ ఇంకా జడ ఎయ్యలేదు."