పక్కింటి దీదీ గూర్ఖా కత్తి

నా చిన్నప్పుడు మేం దుబాయ్ పక్కనున్న అజ్మాన్‌లో ఉండేవాళ్లం. కరోనా గొడవ సద్దుమణిగిన తర్వాతి మాట. అమ్మ అక్కడ ఒక ఆస్పత్రిలో నర్సు. నాన్న దుబాయ్‌కి అవతలి చివర జెబెల్ అలీలో ఒక గోడౌన్‌లో పనిచేసేవారు. అద్దె తక్కువని అజ్మాన్‌లో ఇల్లు తీసుకున్నందుకు, ఆయన తెల్లారకముందే బయలుదేరి, నేను హోంవర్కు ముగించే వేళకు ఇల్లు చేరేవారు. ఇద్దరూ ఇంట్లో లేనప్పుడు నన్ను చూసుకునేది పక్కింటి నేపాలీ దీదీ. ఆమె భర్త ఏదో మాల్‌లో సెక్యూరిటీ గార్డు. దీదీ ఇంట్లోనే బట్టలు కుట్టేది. నాకూ ఆమెకూ మధ్య నా బడి హిందీయే వంతెన.

నేను పుట్టు పిరికిదాన్ని. కీడెంచి మేలెంచమంటారు పెద్దలు. నేను కీడెంచి అక్కడే ఆగిపోయేదాన్ని. అమ్మ వచ్చే ఆస్పత్రి బస్సు కాస్త ఆలస్యమైతే చాలు, కిటికీ దగ్గర నిలబడి గోళ్లు కొరుక్కునేదాన్ని. లిఫ్టు చప్పుడైనప్పుడల్లా తలుపు దాకా పరుగు. అమ్మ విసుక్కునేది. "నాకేవవుద్దే? బస్సెక్కి రావడవేగా" అనేది. ఆ మాట వింటే కొంచెం ధైర్యం వచ్చేది గానీ, మర్నాటికి మళ్లీ మామూలే.

దీదీ వాళ్ల హాల్లో దేవుడి పటాల కింద ఒక కత్తి ఉండేది. నల్లటి తోలు ఒర, పట్టుకోవడానికి కొమ్ముతో చేసిన పిడి. మన కత్తుల్లా తిన్నగా ఉండదు, మధ్యలో ముందుకు వంగి, కొస వైపు బాగా వెడల్పయి ఉంటుంది. వాళ్లు దాన్ని ఖుకురి అంటారు. పెళ్లయి కాపురానికి వస్తుంటే వాళ్లమ్మ ఇచ్చిందట. మా నాన్న మాత్రం గూర్ఖా కత్తి అనేవారు. ఒక ఆదివారం వాళ్లింటికి భోజనానికి వెళ్లినప్పుడు దాన్ని చూసి, నన్ను ఉడికించడానికి, "జాగ్రత్తమ్మోయ్, గూర్ఖావోళ్లు కత్తి దూశారంటే అది రత్తం చూడందే మళ్లీ ఒరలోకి పోదంట" అన్నారు. అమ్మ నవ్వింది. తెలుగు రాని దీదీ కూడా మర్యాదకు నవ్వింది. నేను నవ్వలేదు. అలాంటి మాటలు నా చెవిన పడితే మేకులా దిగిపోయేవి.

ఆ ఏడాదే ఆ ఎడారిలో ఎన్నడూ ఎరగనంత వాన వచ్చింది. వస్తుందని ముందే చెప్పారు, బడికి సెలవిచ్చారు. ఆస్పత్రికి సెలవుండదు కదా, అమ్మ డ్యూటీకి వెళ్లింది. నాన్న కూడా వెళ్లారు. నన్ను దీదీకి అప్పగించారు. మధ్యాహ్నానికి ఆకాశం ఆకుపచ్చగా, నల్లగా తిరిగింది. ఇక చూడండి, కుండపోత. అక్కడి ఇళ్లు ఎండను తట్టుకోవడానికి కట్టినవే గానీ వాన సంగతి ఎవరూ ఆలోచించలేదు. బాల్కనీ తలుపు కిందనుంచి నీళ్లు హాల్లోకి వచ్చేశాయి. దీదీ దుప్పట్లు అడ్డం వేసింది, ఆగలేదు. అప్పుడు చటుక్కున వెళ్లి ఖుకురి తీసింది. మూలనున్న పాత స్పాంజి పరుపును నిలువునా చీల్చి, ఆ ముక్కలు తలుపు సందుల్లో కుక్కింది. నీళ్లు ఆగాయి. కత్తి శుభ్రంగా తుడిచి ఒరలో పెట్టేసింది.

నేను చూస్తూనే ఉన్నాను. కత్తి బయటికి వచ్చింది. రక్తం చూడకుండానే లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత కాసేపటికే అమ్మ ఫోన్ చేసింది. వాన హోరులో ఆమె గొంతు సరిగ్గా వినపడలేదు. "బస్సాగిపోయిందే. లోపలికి నీళ్లొచ్చేత్తన్నాయి. అందరం దిగి నడిచొచ్చేత్తాం. నువ్వు దీదీ దగ్గరే ఉండు, కిందకి దిగమాక" అంది. ఇంకేదో చెప్పబోతుంటే ఫోన్ ఆగిపోయింది. దీదీ మళ్లీ చేస్తే స్విచ్ఛాఫ్. ఇంతలో కరెంటు పోయింది. కిటికీలోంచి చూస్తే రోడ్డు లేదు. కార్ల పైకప్పులు మాత్రం అక్కడక్కడ తేలుతున్నట్టు కనిపించాయి. నాన్న ఫోన్ చేసి, దారులన్నీ మూసేశారని, ఆ పూటకు గోడౌన్‌లోనే ఉండిపోతానని చెప్పారు. అమ్మ సంగతి చెబితే, ఫోన్ దీదీకి ఇమ్మన్నారు. ఎప్పుడూ ఏదో ఒక హాస్యమాడే మా నాన్న ఆ పూట ఒక్క హాస్యమూ ఆడలేదు.

పిల్లల లెక్క ఎలా ఉంటుందో పెద్దవాళ్లకు తెలియదు. నా లెక్క చాలా తిన్నగా ఉంది. దూసిన కత్తికి రక్తం కావాలి. ఎవరూ ఇవ్వలేదు. కాబట్టి అది తనకు కావలసింది తనే తీసుకుంటుంది. బయట నీళ్లలో ఉన్నది మా అమ్మ. అమ్మ నేర్పిన ప్రార్థన చేశాను. అయినా కుదుట పడలేదు. దేవుడికి చెప్పుకుంటే సరే, కత్తికి ఇవ్వాల్సింది ఇవ్వకపోతే ఎలా? ఒక్క చుక్క చాలేమో. నా వేలిది. పిన్నీసు గుచ్చుకున్నప్పుడు వస్తుంది కదా, అంత.

పైనుంచి మెట్ల మీదుగా వరండాలోకి దిగుతున్న నీళ్లను దీదీ పొరుగువాళ్లతో కలిసి ఎత్తిపోస్తున్నప్పుడు నేను కుర్చీ జరుపుకుని ఖుకురి అందుకున్నాను. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. ఎడమ చేత్తో ఒరను గట్టిగా గుప్పిట పట్టి, కుడిచేత్తో పిడి లాగబోయాను. సరిగ్గా అప్పుడే దీదీ గుమ్మంలోకి వచ్చింది. ఆమె అరవలేదు. చాలా మెల్లగా, "హిల్నా మత్, బచ్చీ" అంది. కదలొద్దని. దగ్గరకు వచ్చి, ముందు నా ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే ఒర మీదనుంచి విడదీసింది. ఆ తర్వాతే పిడి మీది చెయ్యి తీసింది.

ఎందుకు తీశావని అడిగింది. నాకు వచ్చిన హిందీలో, వెక్కుతూ, అంతా చెప్పాను. రక్తం సంగతి, అమ్మ సంగతి, వేలి సంగతి. నవ్వుతుందనుకున్నాను. నవ్వి ఉంటే నేనిక ఎప్పుడూ ఎవరికీ ఏమీ చెప్పేదాన్ని కాదు. ఆమె నేల మీద చతికిలబడి, నన్ను ఒళ్లోకి లాక్కుంది. వాళ్లమ్మ కొండ మీద ఈ కత్తితోనే పశువులకు మేత కోసేదట, పొయ్యిలోకి పుల్లలు కొట్టేదట, గుమ్మడికాయ పగలగొట్టేదట. రోజుకు ఎన్నిసార్లు తీసేదో లెక్కే లేదు. "తీసినప్పుడల్లా అది మనిషిని అడిగితే, మా ఊళ్లో ఇంక నేనొక్కదాన్నైనా మిగిలేదాన్నా?" అంది. నాకు ఏడుపులోనే కొంచెం నవ్వొచ్చింది.

అప్పుడే అడిగాను, మా అమ్మకి ఏమీ కాదు కదా అని. ఏ పెద్దమనిషైనా ఏమీ కాదనే అంటారు. దీదీ కిటికీ వైపు చూసి, మళ్లీ నా వైపు చూసి, "మాలూమ్ నహీ" అంది. తెలియదు. "తెలిసేదాకా నేను నీతోనే ఉంటాను. తీసిన కత్తికి మాత్రం పని చెప్పాలి, అది మా ఇంటి పద్ధతి. లే."

కరెంటు లేక అందరి ఫ్రిజ్జుల్లోనూ మాంసం పాడైపోయేలా ఉంది. గ్యాస్ మాత్రం ఉంది. దీదీ వరండాలో ఒక కేక వేసింది. అరగంటలో మా అంతస్తులోని కోడి ముక్కలూ చేపలూ ఆమె వంటింటికి చేరాయి. ఆ ఖుకురి ఒరలోనే, వెనక వైపు, రెండు బుల్లి కత్తులు దాగి ఉంటాయని నాకప్పుడే తెలిసింది. ఒకటి మొద్దుది, పెద్ద కత్తికి పదును పెట్టడానికి. రెండోది పదునైనది, చిల్లర పనులకు. ఆ రెండోది నా చేతికిచ్చి ఉల్లిపాయలు ముందు పెట్టింది. తర్వాత పెద్దదాన్ని ఒరలోంచి ఎలా తియ్యాలో చూపించింది. ఒరను పదును లేని వెనక వైపు నుంచి పట్టుకోవాలి, పదును వైపుకు వేళ్లు చుట్టకూడదు. లోపలి చెక్కల అతుకు విడిందంటే కత్తి తోలును చీల్చుకుని వస్తుంది. నేను పట్టుకున్నట్టు పట్టుకుని లాగి ఉంటే ఒక్క చుక్కతో పోయేది కాదని అప్పుడు అర్థమైంది.

తన చెయ్యి నా చేతి మీద వేసి కోడి ముక్కలు కొట్టించింది. నేను భయంతో బిగబట్టి కొడుతుంటే కత్తి పక్కకు జారుతోంది. "ఆరామ్ సే, నెమ్మదిగా. బలం దానికే ఉంది, నువ్వు దారి చూపించు చాలు" అంది. నిజమే. ఆ ముందువైపు బరువంతా దానంతటదే కిందికి దిగుతుంది. మనం అడ్డం పడకుండా ఉంటే ఎముక పుల్లలా తెగుతుంది. ఎంత అందమైన వస్తువో అప్పుడు చూశాను. పిడి దగ్గర అంచులో చిన్న నొక్కు ఉంది, పసరూ నీళ్లూ చేతి దాకా రాకుండా అక్కడే రాలిపోవడానికట. మధ్యమధ్యలో అమ్మ గుర్తొచ్చి కళ్లు మసకబారేవి. ఉల్లిపాయలు ఉన్నాయి కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. భయం పోలేదు, అబద్ధం చెప్పను. కానీ చేతుల్లో పనుంటే దానికి కూర్చోవడానికి చోటు తగ్గింది. అన్నం, కూర వండి వరండాలో అందరికీ పెట్టాం. దీదీ కత్తి కడిగి, ఆరబెట్టి, ఆవనూనె రాసి ఒరలో పెట్టింది. నేను ఆమె కొంగు పట్టుకుని పడుకున్నాను.

అమ్మ మర్నాడు పొద్దెక్కాక వచ్చింది. దారిలో ఒక మసీదులో ఆడవాళ్లందరికీ చోటిచ్చారట, అక్కడే ఉండిపోయారట. బూట్లు చేతిలో, యూనిఫాం నడుము దాకా బురద. ఆ వేళకు నేను దీదీ పక్కన కూర్చుని క్యాబేజీ కోస్తున్నాను. ఎన్నిసార్లు ఊహించుకున్నానో ఆ క్షణాన్ని. వచ్చి నన్ను వాటేసుకుంటుందనుకున్నాను. గుమ్మంలోంచే, "ఓలమ్మో, ఆ కత్తేంటే నీ చేతిలో! వేళ్లు తెగ్గోసుకుంటావా!" అని ఒక్క కేక పెట్టింది. ఆ తిట్టంత తియ్యటి మాట నా బతుకులో మళ్లీ వినలేదు.

తర్వాత కొన్నాళ్లకు దీదీ వాళ్లు ఆ దేశం వదిలి వెళ్లిపోయారు. మేమూ వచ్చేశాం. అదంతా జరిగి యాభై ఏళ్లు దాటింది, ఇప్పుడు నా జుట్టు ముగ్గుబుట్ట. పిరికితనం పోయిందా అంటే, లేదు. అది నాతోనే పెరిగి, నాతోనే ముసలిదైంది. ఎవరైనా "ఏమీ కాదులే" అంటే ఇప్పటికీ నాకు లోపల గుబులు రెట్టింపవుతుంది. ఆ మాటలో వాళ్లు నా చెయ్యి వదిలేసి వెళ్లిపోతున్నట్టు ఉంటుంది.

నిరుడు మా అమ్మాయికి పెద్ద ఆపరేషన్ జరిగింది. బాగానే అయింది గానీ, లోపలికి తీసుకెళ్లిన ఆ పూట ఎలా అవుతుందో మాకెవరికీ తెలియదు. ఇంటి దగ్గర మనవరాలూ నేనూ ఉన్నాం. అది నా ఎదురుగా నిలబడి, అమ్మకి ఏమీ కాదు కదా అమ్మమ్మా అని అడిగింది. ఏమీ కాదని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "తెలీదమ్మా. తెలిసేదాకా నేను నీ దగ్గరే ఉంటాను. రా, ఈ చిక్కుడుకాయలు ఒలుద్దాం" అన్నాను. అది నా పక్కన చాప మీద కూర్చుని, చేట తన వైపు లాక్కుంది.