కాటా దగ్గరి పిలుపు

కడపకు గంట దూరంలో ఉన్న ఆ సిమెంటు ఫ్యాక్టరీలో, లారీల కాటా దగ్గర ఒక అక్క పనిచేసేది. మైకు పట్టుకుని లారీలను లోడుకు పిలవడం ఆమె పని. నంబర్లతో కాదు, డ్రైవర్ల ఊళ్ల పేర్లతో పిలిచేది. "డోన్ అప్పా, నీ వంతొచ్చింది, రా" అని వినబడితే, వేపచెట్టు కింద నిద్రపోతున్నవాడు కూడా లేచి చెప్పులు వెతుక్కునేవాడు.

కంపెనీ కొత్త కంప్యూటర్ పద్ధతి తెచ్చింది. వంతు రాగానే డ్రైవర్ ఫోనుకే మెసేజ్ పోతుంది, మైకుతో పనిలేదు. సాఫ్ట్‌వేర్ సంగతి ఇంజనీర్లు చూసుకున్నారు. మనుషుల్ని దానికి అలవాటు చేయడం నా ఉద్యోగం. వాళ్లదే సులువైన పని అని ఇప్పటికీ అంటాను. కంప్యూటర్ అలగదు కదా.

మొదటిరోజు పొద్దున మెసేజ్‌లన్నీ సరిగ్గానే పోయాయి. లారీ ఒక్కటీ కదల్లేదు. చెట్టు కిందకు పోయి అడిగితే, డోన్ డ్రైవర్ తన ఫోను నాకే చూపించాడు.

"వంతొచ్చినట్టు ఈడ రాసుండాదిలేమ్మా. అక్క పిలవలేదు గదా. పిలవని పేరంటానికి ఎట్ల పోతాము?"

నెత్తి పట్టుకున్నాను. మెసేజ్ ఎలా తెరవాలో శ్రద్ధగా నేర్పాం గానీ, పిలవకపోయినా పోవచ్చని చెప్పాలని ఎవరికీ తోచలేదు. చివరికి ఆ అక్కనే బతిమాలాను. ఆమె మైకు అందుకుంది.

"నేనింగ పిలవనప్పా. ఫోను మోగితే నేను పిలిచినట్టే అనుకోండి."

మైకు నా చేతిలో పెట్టి, ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. లారీలు మాత్రం కదిలాయి.

పని బాగా జరిగిందని నన్ను కడప ఆఫీసుకు మార్చారు. ఇక్కడ భోజనానికి కూడా మెసేజే వస్తుంది, అదీ పక్క కుర్చీలోంచి. ఆ అక్క గొంతు కోసం బెంగపెట్టుకున్నాను. పిలుపు మాన్పించిన నేనే బెంగపడుతున్నానంటే ఎవరైనా నవ్వుతారని చెప్పుకోలేదు.

మొన్న పనిమీద మళ్లీ ఆ ఫ్యాక్టరీకి పోయాను. యార్డులో ఇంజన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. కాటా గదిలో ఆ అక్క ఇప్పుడు స్క్రీను ముందు కూర్చుంటోంది. పలకరిస్తుందో లేదోనని గుమ్మం బయటే తచ్చాడాను. ఆమె తల ఎత్తకుండానే, యార్డంతా వినబడేలా పిలిచింది.

"కడప పాపా, నీ వంతొచ్చింది, రా."

చెట్టు కింద ఇద్దరు డ్రైవర్లు అలవాటుకొద్దీ లేచి నిలబడ్డారు.