బావిలోకి దిగితేనే కొట్టుకునే ఇంజన్

1983లో ఎమ్మిగనూరులో, ఆదోని రోడ్డు మీద నాకు చిన్న రిపేరు షాపు ఉండేది. పెట్రోల్‌తో స్టార్టయి, వేడెక్కాక కిరోసిన్‌తో నడిచే పంపు ఇంజన్లే ఎక్కువగా వచ్చేవి. కిరోసిన్ మసికి స్పార్క్ ప్లగ్ ఊరికే చెడిపోతుంది. అందుకని అన్నిటికీ హాట్ ప్లగ్ బిగించేవాణ్ణి. అది వేడిని తొందరగా వదలదు, ఆ వేడికి మసి దానంతటదే కాలిపోతుంది. ఈ కిటుకు నా ఒక్కడికే తెలుసని కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ మార్చిలో ఈరన్న అనే రైతు తన ఇంజన్‌ను మూడోసారి ఎద్దులబండిలో తెచ్చాడు. పది నిమిషాలు నడిస్తే లోపల సుత్తితో కొట్టినట్టు టకటకమంటోందట. మేము దాన్ని నాకింగ్ అంటాం. అలాగే నడిపితే పిస్టన్‌కు చిల్లు పడుతుంది. షాపు ముందు అరగంట నడిపి చూశాను, ఏ చప్పుడూ లేదు.

"సూడప్పా, యాడ కొట్టుకుంటాంది? నీకే నడపడం రాదు" అని కసిరాను.

ఈరన్న ఇంజన్‌ను మళ్లీ బండికెక్కించబోయాడు. బండిలో వెంట వచ్చిన ఆయన భార్య లక్ష్మక్క మాత్రం ఊరుకోలేదు. "ఈడ బాగానే ఉంటాదన్నా. బావిలోకి దించితేనే కొట్టుకుంటాది. ఎకరా ఉల్లిగడ్డ ఉంది. ఈ వారం నీళ్లు పారకుంటే గడ్డ ఊరదు. ఒక్కసారి ఆడికొచ్చి సూడు."

బావిలోకి అనేసరికి ఆగాను. నిరుడు అది గట్టు మీదే ఉండేది. ఈ ఏడు నీళ్లు అడుగంటాక కిందికి దించామని ఇప్పుడు చెప్పారు. అంతవరకు నేను అడగనూ లేదు, వాళ్లు చెప్పనూ లేదు.

మధ్యాహ్నం మోటార్ సైకిల్ మీద వెళ్లాను. దిగుడు బావిలో సగం లోతున, రాతి అరుగు మీద పెట్టారు ఇంజన్‌ని. పొగకు గొట్టం పైదాకా వేశారు గానీ, వేడి పోయే దారి లేదు. తన వేడిగాలినే తను పీల్చుకుంటోంది. కాసేపటికి చప్పుడు మొదలైంది. ప్లగ్ వైరు పీకేశాను. స్పార్క్ లేకపోయినా ఇంజన్ ఇంకా నాలుగు చుట్లు పేలింది. ప్లగ్ కొన నిప్పులా కాగి, పిస్టన్ పైకి రాకముందే గ్యాసును అంటిస్తోందని అర్థమైంది. విప్పి చూస్తే కొన కరిగి ఉంది.

సిగ్గేసింది. "తప్పు నాదే లక్ష్మక్కా. గట్టు మీదికి పనికొచ్చే ప్లగ్ ఇది, ఈడికి కాదు" అన్నాను.

"తప్పు సంగతి తర్వాత సూద్దాంలే. ఇప్పుడు నడుస్తాదా?" అంది.

వేడిని త్వరగా వదిలే కోల్డ్ ప్లగ్ కావాలి. అలాంటిది నా మోటార్ సైకిల్‌కే ఉంది. విప్పి బిగించాను. దీనికి మసి పడుతుంది, రెండు రోజులకోసారి తుడవాలని ఈరన్నకు చూపించాను. గంట నడిచినా చప్పుడు లేదు. లక్ష్మక్క చీర ఎగగట్టి మడులకు నీళ్లు మళ్లిస్తుంటే, ప్లగ్ లేని నా మోటార్ సైకిల్‌ను అక్కడే వదిలేసి రోడ్డుదాకా నడిచాను. ఎండ మండుతున్నా ప్రాణం హాయిగా ఉంది.

ఆ ఉల్లి దక్కింది. అప్పటినుంచి ఏ ఇంజన్ వచ్చినా, స్పానర్ పట్టకముందే "దీన్ని యాడ పెట్టి నడుపుతాండారు?" అని అడుగుతాను. ఇంజన్ నడిపే మనిషినే కాదు, మడుల్లో నీళ్లు కట్టే మనిషిని కూడా.