టికెట్ కిటికీ దగ్గర పిల్లల వయసు

2018 జూన్ 4, సోమవారం, ఉదయం తొమ్మిదిన్నర గంటలకు మాదాపూర్‌లోని మా కార్యాలయంలో ఆ బాధ్యత నాకు అప్పగించారు. అప్పుడు నేను ఒక వినోద కేంద్రాల సంస్థలో సవారీల నిర్వహణ, భద్రత విభాగానికి మేనేజరుగా ఉన్నాను. హైటెక్ సిటీ దారిలోని ఒక షాపింగ్ కాంప్లెక్సులో మాకు ఒక అంతస్తు అప్పటికే నడుస్తోంది. దాని పై అంతస్తును కొత్తగా అద్దెకు తీసుకున్నారు. అక్కడ ఏ వయసు పిల్లలకు ఏ సవారీలు ఉండాలో తేల్చి, యంత్రాల ఆర్డరు మీద భద్రత తరఫున సంతకం చేయడం నా పని. ఆ నెల చివరి శుక్రవారం గడువు.

మా వృత్తిలో సవారీ అంటే పిల్లలు ఎక్కే, ఊగే, దూకే ప్రతిదీ. ఈ రంగంలోకి రాకముందు జీడిమెట్లలో సరుకుల లిఫ్టులు తయారుచేసే కర్మాగారంలో పనిచేశాను. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసినవాళ్లలో నేనే మొదటివాణ్ని. ఏ పని చేతికొచ్చినా దానికి సంబంధించిన నియమాలన్నీ చదవనిదే మొదలుపెట్టకూడదనే భయం నాకు అక్కడి నుంచే వచ్చిందనుకుంటాను. సరుకుల లిఫ్టుకు ఎంత బరువు వేస్తారో ముందే తెలుస్తుంది. పిల్లల సవారీ అలా కాదు. ఎవరు ఎక్కుతారో ఊహించి కొనాలి.

బయటివాళ్లకు ఈ ఎంపిక బొమ్మల దుకాణంలో బేరంలా కనిపించవచ్చు. నిజానికి ఒక్కో వయసుకు ఒక్కో తీరు ఉంటుంది. మూడేళ్ల పిల్లలు ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయాలంటారు. వాళ్లకు బంతుల గుంట, మెత్తని జారుడుబల్ల, నిదానంగా తిరిగే చిన్న రంగులరాట్నం చాలు. చీకటి, పెద్ద చప్పుడు పనికిరావు. ఐదారేళ్లు వచ్చేసరికి చేతిలో స్టీరింగు ఉండాలి. బండి పట్టాల మీద తనంతట తాను పోతున్నా నడిపేది తామేనని నమ్ముతారు. ఎనిమిది దాటినవాళ్లకు కొంచెం భయపెట్టేది కావాలి: ఎక్కే గోడ, తాళ్ల వంతెన. పన్నెండేళ్లవాళ్లకు సవారీ కన్నా, చిన్నపిల్లల మధ్య తాము ఎవరి కంటా పడకపోవడం ముఖ్యం. ఇవి ఏ పుస్తకంలోనూ చదివినవి కావు. కింది అంతస్తులో నిలబడి, ఎవరు దేని ముందు ఎంతసేపు ఆగుతున్నారో చూసి తెలుసుకున్నవి.

అయితే అంతస్తులో ఏ వయసుకు ఎంత చోటు ఇవ్వాలన్నది నా ఊహ మీద వదల్లేదు. మార్కెటింగ్ విభాగం అందుకోసం సర్వే చేసింది. దాన్ని నడిపింది శిరీష. కాకినాడ నుంచి వచ్చి, నిజాంపేటలో హాస్టల్లో ఉంటూ, ఆరు నెలల ప్రొబేషన్ మీద పనిచేస్తున్న అమ్మాయి. ఆ నెలాఖరుకే ఆమె ప్రొబేషన్ ముగుస్తుంది. ఉద్యోగం ఖాయం చేయాలా వద్దా అన్నది ఈ సర్వే ఎంత పనికొచ్చిందో చూసి చెబుతానని డైరెక్టరు గారు ఆమెతో ముందే అన్నారు.

సర్వే ప్రకారం మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఐదేళ్ల లోపువాళ్లు. దాన్నిబట్టి తయారైన నక్షాలో అంతస్తులో సగానికి పైగా బంతుల గుంటలు, మెత్తని జారుడుబల్లలు, రెండు చిన్న రంగులరాట్నాలు. ఎక్కే గోడకు ఒక మూల మాత్రం మిగిలింది. నక్షా శుభ్రంగా ఉంది. శిరీష పని కూడా శుభ్రంగా ఉంది.

నాకు అనుమానం వచ్చింది బోల్టుల వల్ల. కింది అంతస్తులోని చిన్న రంగులరాట్నంలో గుర్రాలను పట్టి ఉంచే బోల్టులు మేము అనుకున్నదానికన్నా చాలా ముందే వదులవుతున్నాయి. అది ఐదేళ్ల లోపు పిల్లల బరువుకు చేసిన యంత్రం. టికెట్లన్నీ ఐదేళ్ల లోపువాళ్లవే. మరి గుర్రాల మీద ఇంత బరువు ఎక్కడిది? యంత్రంలో లోపమేమోనని తయారీదారుకు రాశాను. లోపం లేదని, ఎక్కుతున్నది ఎవరో చూసుకోమని జవాబు వచ్చింది.

చూడటానికే ఆ నెల మూడో శనివారం సాయంత్రం, వారాంతాల్లో ఇంకా నడుస్తున్న సర్వే బల్ల పక్కన నిలబడ్డాను. బల్లను టికెట్ కిటికీకి ఆనుకునే వేశారు, వరుసలో ఉన్నవాళ్లను అడగడం సులువని. టికెట్లు ఇచ్చేవాళ్లు వేసుకునే నారింజ రంగు చొక్కాలే సర్వే వాళ్లవీ. చేతుల్లో ట్యాబ్లెట్లు. మియాపూర్ నుంచి వచ్చిన ఒక తల్లి వంతు వచ్చింది. భర్త వెనకాల బెంచీ మీద ల్యాప్‌టాప్ తెరిచి, చెవిలో ఫోను పెట్టుకుని ఆఫీసు పనిలో ఉన్నాడు. బాబుకు ఎన్నేళ్లని సర్వే అమ్మాయి అడిగింది. నాలుగు నడుస్తున్నయని ఆమె తడుముకోకుండా చెప్పింది.

అదే సమయంలో ఆ బాబు గోడ మీద మేము రాయించిన హెచ్చరికను బిగ్గరగా చదువుతున్నాడు. ముందుపళ్లు రెండూ లేవు. అయినా ఒక్క అక్షరం తప్పకుండా చదివి, తల్లి కొంగు లాగాడు.

"అమ్మా, గర్భిణులు ఎక్కరాదు అంటే ఏంది?"

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. ఏ క్లాసు నాయనా అని అడిగాను. సెకండ్ క్లాస్ అని ఛాతీ విరిచి చెప్పాడు. జర ఊకోరా అని తల్లి వాడి నెత్తి మీద చిన్నగా తట్టింది. నేను ఆమెను పక్కకు పిలిచి, తప్పు పట్టడానికి కాదని, తెలుసుకోవడానికే అడుగుతున్నానని, ఇది టికెట్ కాదు, సర్వే అని చెప్పాను. ఆమె బెదరలేదు. నా అమాయకత్వానికి జాలిపడినట్టు చూసింది.

"సార్, టికెట్ కాడ వయసు అడిగితే ఎవలన్నా పూరా చెప్తరా? బల్ల ఆడనే ఉన్నది, అంగీలు గవే ఉన్నయి. మాకేం ఎరుక?"

ఆమె చెప్పింది నాకు కొత్త కాకూడదు. చిన్నప్పుడు సంగారెడ్డి బస్సులో నాకు చాలాకాలం ఐదేళ్లు నిండలేదు. కండక్టరు దగ్గరికి వస్తున్నాడంటే మా నాయన నన్ను ఒళ్లోకి లాక్కునేవాడు. ఈ కిటికీ ముందున్నవాళ్లు అద్దాల భవనాల్లో పనిచేసేవాళ్లు, కార్లలో వచ్చినవాళ్లు. వాళ్లకు సగం టికెట్ అవసరమేమీ లేదు. కానీ కిటికీ, వరుస, వయసు అన్న మూడూ కలిసిన చోట, ఎన్ని చదువులు చదివినా, నోటికి వచ్చేది తగ్గించిన వయసే. మా దగ్గర ఐదేళ్ల లోపువాళ్లకు టికెట్ తక్కువ. శిరీష లెక్కించింది పిల్లల్ని కాదు, ఆ అలవాటును.

మర్నాడు ఆదివారం శిరీషను పిలిచి చూసింది చెప్పాను. ఆమె వాదించలేదు. పరీక్షించి చూద్దామని తనే అంది. బల్లను తీసి కాంప్లెక్సు చివరి అంతస్తులోని ఫుడ్ కోర్టులో వేశాం. నారింజ చొక్కాలు తీయించాం. అక్కడ ఇంకో వింత ఎదురైంది. టికెట్ ఊసు లేకపోయేసరికి కొందరు తల్లిదండ్రులు పిల్లల్ని పెద్ద చేయడం మొదలుపెట్టారు. ఏడేళ్ల పాప గురించి ఒక తండ్రి, పదేళ్లవాళ్ల లెక్కలు చేస్తుందండి, ఏది రాసుకుంటారో మీ ఇష్టం అన్నాడు. వయసు అడగడమే మానేశాం. గోడకు జిరాఫీ బొమ్మ అతికించి, దాని మెడ ఎంతవరకు అందుకుంటావని పిల్లల్నే అడిగాం. అందరూ నిటారుగా నిలబడ్డారు. కొందరు మునివేళ్ల మీద లేచారు, మడమలు దించమని బతిమాలాల్సి వచ్చింది. సవారీకి ఎలాగూ కావలసింది ఎత్తే. ఒళ్లో పడి పట్టి ఉంచే కడ్డీ పుట్టినరోజును చూడదు, తొడలు ఎక్కడున్నాయో చూస్తుంది.

రెండు వారాంతాల్లో తేలిపోయింది. ఎత్తులను బట్టి చూస్తే మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆరుకూ పదికీ మధ్యవాళ్లు. నక్షా ప్రకారం కొంటే, వాళ్లు ఆ చిన్న గుర్రాల మీదే ఎక్కుతారు. నిజంగా చిన్నవాళ్లు వాళ్ల కాళ్ల కింద నలుగుతారు.

గడువుకు ముందురోజు సాయంత్రం శిరీష కొత్త లెక్కల ఫైలుతో నా గదిలోకి వచ్చి కూర్చుంది. ఆమెకు నేను ఒక దారి చూపించాను. సర్వే ప్రస్తావన తేకుండా, బోల్టుల కారణం చూపి భద్రత తరఫున నేను అభ్యంతరం రాస్తాను. యంత్రాలు మారతాయి, ఆమె నివేదిక జోలికి ఎవరూ రారు. ఆమె ఆలోచించింది.

"అప్పుడు మెషీన్లు మారతాయి సార్. బల్ల మాత్రం అక్కడే ఉంటుందండి. వచ్చే ఏడాది గచ్చిబౌలిలో తెరిచే సెంటర్లో కూడా టికెట్ కిటికీ పక్కనే వేస్తారు."

సర్వే తప్పని తనే చెబితే ఉద్యోగం పోవచ్చని నేను గుర్తుచేశాను. తెలుసండి, హాస్టల్ వార్డెన్‌కి కూడా ముందే చెప్పి ఉంచాను, వచ్చే నెల ఖాళీ చేస్తానేమోనని అంది. ఆ మాట అంటూ నవ్వింది గానీ చేతిలోని ఫైలును రెండు చేతులతో పట్టుకుని ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం సమావేశం. బల్లకు ఆ చివర డైరెక్టరు గారు, పక్కన ఫైనాన్స్ అధికారి, ఈ చివర మేమిద్దరం. శిరీష తన మొదటి నివేదికను ముందు పెట్టి, ఇది తప్పు అని మొదటి వాక్యంలోనే చెప్పింది. ఎందుకు తప్పయిందో, ఎలా తెలిసిందో, కొత్త లెక్క ఏమిటో క్రమంగా వివరించింది. డైరెక్టరు గారు పుట్టి పెరిగింది కొండాపూర్‌లోనే. వ్యాపారం ఎంత పెరిగినా మాట అలాగే ఉండేది.

"మొన్న పిల్లలు చిన్నోళ్లన్నవు. ఇయ్యాల పెద్దోళ్లంటున్నవు. పదిహేను దినాల్లనే పెరిగిండ్రా అమ్మా?"

"పెరగలేదండి. మన కిటికీ దగ్గర తగ్గారు."

ఫైనాన్స్ అధికారి గొంతు సవరించుకుని, తన మనవరాలికి మొన్న రైల్లో తనూ వయసు తగ్గించే చెప్పానని ఒప్పుకున్నారు. డైరెక్టరు గారు ఆయన వైపు చూశారు తప్ప నవ్వలేదు. కొత్త నక్షా అడిగారు. ఎక్కే గోడను నడిమధ్యకు తెచ్చాం. తాళ్ల వంతెన చేర్చాం. చిన్నపిల్లల మూలను గోడకు ఎదురుగా పెట్టాం, ఒక్క తల్లే ఇద్దరు పిల్లలతో వస్తే ఒకే బెంచీ మీద నుంచి ఇద్దరినీ చూసుకునేలా. ఆర్డరు మీద నేను సంతకం చేశాను.

శిరీష ఉద్యోగం ఆ రోజు ఖాయం కాలేదు. మొదటి లెక్క తప్పింది కనుక ప్రొబేషన్ మూడు నెలలు పొడిగిస్తున్నట్టు సాయంత్రానికి కాగితం వచ్చింది. అది నాకు అన్యాయంగా తోచి డైరెక్టరు గారితో చెప్పాను. తప్పు ఎందుకు జరిగిందో తెలిసిన మనిషిని పంపించనని, కానీ ఖాయం చేసే ముందు ఇంకొక సర్వే చూస్తానని ఆయన అన్నారు. శిరీష ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, జిరాఫీ బొమ్మ ఇంకోటి ప్రింటు చేయించాలండి, చివర్లు చిరిగిపోయాయని చెప్పి వెళ్లింది. మూడు నెలల తర్వాత ఆమెను ఖాయం చేశారు.

ఈ అనుభవం నేర్పింది ఒక్కటే. ఒక ప్రశ్నకు వచ్చే జవాబు ప్రశ్నను బట్టే కాదు, అడిగిన చోటును బట్టీ ఉంటుంది. డబ్బు తీసుకునే కిటికీ పక్కన అడిగిన దేనికైనా జనం ఆ కిటికీకే జవాబు చెబుతారు.

కొత్త అంతస్తు తెరిచిన రోజు నుంచి రెండు అంతస్తుల్లోనూ పిల్లలందరికీ ఒకే ధర పెట్టాం. వయసు అడగడం మానేసి, చిన్న రంగులరాట్నం పక్కన జిరాఫీ బొమ్మ పెట్టి ఎత్తు చూసే ఎక్కించాం. నేను 2022లో పదవీ విరమణ చేసేవరకు ఆ చిన్న రంగులరాట్నం బోల్టులు గడువుకు ముందు మళ్లీ వదులు కాలేదు.