ఏడుగురు నాయకులు, ఒక సెలవు

తొంభైల చివర్లో నేను దోహాలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ వైపు ఒక విల్లాలో ఉండేవాణ్ణి. విల్లా అంటే వినడానికి బాగుంటుంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. గదికి ముగ్గురం, ముగ్గురికీ కలిపి ఒక ఏసీ, అది కూడా తనకు బుద్ధి పుట్టినప్పుడే పనిచేసేది. పెళ్లయిందా లేదా అన్నదాంతో నిమిత్తం లేకుండా, పక్కన భార్య లేని ప్రతి మగవాణ్ణీ అక్కడ బ్యాచిలర్ అనేవారు. ఆ లెక్కన మేం ముగ్గురం పెళ్లయిన బ్యాచిలర్లం.

నేనొక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. మాది నరసాపురం దగ్గర పల్లె. నా పక్క మంచం ఆయన మా సెక్షన్‌లోనే సీనియర్, బందరు వైపు మనిషి, నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. ఆయన్ని అన్నయ్యా అని పిలిచేవాణ్ణి. అప్పట్లో దోహాలో చర్చి భవనం లేదు. శుక్రవారాలు ఎవరో ఒకరి ఇంట్లో తలుపులు వేసుకుని ప్రార్థన చేసుకునేవాళ్లం. వాక్యం చెప్పడానికి ఎవరూ దొరకని వారం ఆయనే చెప్పేవాడు. మూడో అతను జగిత్యాల దగ్గరివాడు, కంపెనీ పికప్ నడిపేవాడు. మాతో ప్రార్థనకు వచ్చేవాడు కాదు గానీ, మేం తిరిగొచ్చేసరికి అన్నం వండి ఉంచేవాడు.

మాకు ముందు ఆ గదిలో ఉన్న ఫిలిప్పీన్ కుర్రాడు ఎగ్జిట్ మీద, అంటే ఉద్యోగం వదిలేసి, ఇంటికి వెళ్లిపోతూ ఒక చెప్పుల డబ్బా నాకిచ్చి వెళ్లాడు. డబ్బా నిండా బొమ్మల కార్డులు. రాక్షసులు, సైనికులు, మంత్రగాళ్లు, రెక్కల గుర్రాలు. వెళ్లేముందు ఆట కూడా నేర్పాడు. ఒక్కొక్కరు నలభై కార్డుల కట్ట కట్టుకోవాలి. దానికి పైన ఒక నాయకుడు ఉండాలి. నాయకుణ్ణి ఆట మొదట్లోనే బల్ల మీద, ఎదుటివాడికి కనపడేలా పెట్టాలి. సైనికులు ఎంతమంది చచ్చినా పర్వాలేదు, నాయకుడు చస్తే ఆట అయిపోయినట్టే. డబ్బా మొత్తంలో నాయకులు ఏడుగురు.

మొదట అన్నయ్య ఆ డబ్బా వంకే చూడలేదు. పేకాట అన్నాడు. ఆయన ఇంట్లో పేక ముట్టుకుంటే చేతులు విరగ్గొట్టేవారట. డబ్బు పెట్టం అన్నయ్యా, ఉత్త ఆటే అని నేను నెల రోజులు పోరితే ఒక శుక్రవారం కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయనే డబ్బా దింపేవాడు.

ఇక నాయకుణ్ణి ఎన్నుకోవడం. నాకు ఓడిపోవడం గిట్టదు, చిన్నప్పటినుంచీ అంతే. మొదట్లో నేనూ అందరిలాగే అగ్నిసర్పాన్ని తీసుకున్నాను. దాని బలం తొమ్మిది. డబ్బాలో అంత బలం మరెవరికీ లేదు. నాలుగు ఆటలు వరసగా ఓడిపోయాక గానీ తెలియలేదు, అది ప్రతి వంతులోనూ మన సైనికుల్లో ఒకణ్ణి తింటుందని. అంత సన్నటి అక్షరాల్లో రాస్తే ఎవడు చదువుతాడు? ఒంటికన్ను సేనాని బలం ఏడు, కానీ గుర్రపు దళం లేకపోతే వాడు నిలబడ్డ చోటునుంచి కదలడు. కమ్మరి బలం ఆరు, ఆయుధాల కార్డులు కట్టలో ఎక్కువ ఉంటేనే వాడి వల్ల ఉపయోగం.

ఆఫీసులో మిగిలిన ట్రేసింగ్ పేపరు ముక్క మీద నేనొక పట్టిక గీసుకున్నాను. ఏ నాయకుడికి ఎంత బలం, ఎవడు ఎన్ని వంతులు ఆగగలడు, ఎవడు దెబ్బ తిన్నాక లేవగలడు. గీసి గీసి చివరికి ముసలి రాణి దగ్గర ఆగాను. ఆమె బలం ఐదే. కానీ ఆమె సైనికుడు చచ్చినప్పుడల్లా మనకొక కొత్త కార్డు వస్తుంది. అంటే ఎదుటివాడు కొట్టేకొద్దీ మన చేయి నిండుతుంది. నాయకుడి బలం మూలనున్న అంకెలో ఉండదనీ, వాడి వెనకున్న కట్టకు వాడు ఎంత పనికొస్తాడన్నదాంట్లో ఉంటుందనీ నేను అప్పటికి తేల్చుకున్నాను. డ్రైవరుకు మాత్రం అది అర్థం కాలేదు.

"గంత పెద్ద పామును ఇడ్సిపెట్టి గా ముసల్దాన్ని తీస్కుంటవేందే అన్నా?" అనేవాడు, గరిటె పట్టుకుని నా వెనక నిలబడి.

మిగిలిన ముగ్గురూ పనికిరానివాళ్లు. గొర్రెల కాపరి, పడవవాడు, గంట కొట్టేవాడు. బలం రెండు, రెండు, ఒకటి. వాళ్లను నాయకులని ఎందుకన్నారో ఆ ఆట కనిపెట్టినవాడికే తెలియాలి.

అన్నయ్య పద్ధతి వేరు. ఆయన నాయకుణ్ణి ఎన్నుకునేవాడు కాదు. మా వైపు క్రైస్తవుల ఇళ్లలో కొత్త సంవత్సరం ఆరాధనకు వాగ్దానం కార్డులని ఉంటాయి. ఒక్కో దాని మీద ఒక్కో బైబిల్ వాక్యం రాసి, పళ్లెంలో బోర్లా పెట్టి తెస్తారు. ప్రార్థన చేసుకుని, చూడకుండా ఒకటి తీసుకోవాలి. ఏది వస్తే ఆ ఏడాదికి అదే మన వాక్యం. పక్కవాడిది బాగుందని మార్చుకోవడం ఉండదు. ఆయన ఈ ఆటకు కూడా అదే పద్ధతి తెచ్చి తగిలించాడు. నేను ఏడు నాయకుల కార్డులనూ విసనకర్రలా పట్టుకోవాలి. ఆయన కళ్లు మూసుకుని, బొటనవేలితో ఈ చివరనుంచి ఆ చివరిదాకా ఒకసారి తడిమి, ఒకటి లాగేవాడు. ఆయన తీశాక మిగిలినవాళ్లలోంచి నేను ఎన్నుకునేవాణ్ణి.

"ఏరుకోవచ్చు కదన్నయ్యా, రూల్ ఉంది" అన్నాను ఒకసారి.

"ఏరుకుంటే ఇంక నా తెలివే కదయ్యా. చేతికొచ్చినోడితో నెట్టుకురావాలి" అన్నాడు.

అలా వచ్చినవాడితోనే మూడింట ఒక ఆట గెలిచేవాడు. ఒకసారి పడవవాడితో నన్ను ఓడించాడు. ఆ రోజు నేను అన్నం సరిగా తినలేదు.

ఇప్పుడు సెలవు సంగతి. కంపెనీలో రెండేళ్లకొకసారి సెలవు. నేను దోహా వచ్చిన ఐదో నెలలో మా పాప పుట్టింది. ఏడాదిన్నర పిల్ల, నేను చూసింది ఫోటోల్లోనే. చివరి ఫోటోలో ఎవరి చెప్పులో వేసుకుని నిలబడి ఉంది. ఆ డిసెంబరుకు నాకు సెలవు రావాలి. అన్నయ్యకూ అప్పుడే రావాలి. ఆయనకు నాలుగేళ్ల కొడుకు. ఇద్దరం క్రిస్మస్‌కి ఇంటికి వెళ్లాలనే అనుకుంటున్నాం. నవంబరు చివరి వారంలో మా ఈజిప్టు ఇంజనీరు ఇద్దరినీ పిలిచి, డ్రాయింగులు డిసెంబరు ఆఖరుకు ఇచ్చేయాలి, ఒకరే వెళ్తారు, రెండోవారు ఏప్రిల్‌లో, ఎవరన్నది మీరే తేల్చుకుని శనివారం చెప్పండి, ఖలాస్ అన్నాడు.

ఏప్రిల్ అంటే ఇంకో నాలుగు నెలలు. నేను ఆ నాలుగు నెలలు ఆగలేననిపించింది. కూర్చుని మాట్లాడుకుంటే పెద్దవాడు కాబట్టి ఆయనదే పైచేయి అవుతుందని భయం. ఆ సాయంత్రం పికప్‌లో ఇంటికొస్తుంటే ఆయన "తమ్ముడూ, ఆ సెలవు గురించి" అని మొదలుపెట్టాడు. నేను పూర్తి కానివ్వలేదు.

"ఆట ఆడి తేల్చుకుందాం అన్నయ్యా. గెలిచినవాళ్లు వెళ్దాం."

"ఆటా? సరే. చీట్లు వేసుకోవడం తప్పేం కాదులే, బైబిల్లో పెద్దలు కూడా చేసిందే" అన్నాడు. డ్రైవరు అద్దంలోంచి మా ఇద్దరినీ చూసి నవ్వాడు.

శుక్రవారం ప్రార్థన అయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక గదిలో బల్ల తుడిచి డబ్బా దింపాం. డ్రైవరు నజ్మా పేటలో ఎవరినో చూడాలని వెళ్లిపోయాడు. గదిలో మేమిద్దరమే. నేను నాయకుల కార్డులు తీసి కలిపాను. అది చేసేటప్పుడు ఆయన చేతులు కడుక్కోవడానికి లేచాడు. అగ్నిసర్పం, సేనాని, కమ్మరి, రాణి, ఈ నాలుగింటినీ నా తొడ కింద పెట్టుకున్నాను. చేతిలో మూడే మిగిలాయి. ముందుగా అనుకుని చేశానా అంటే, చేశాను. గురువారం నుంచీ అదే ఆలోచన. ఎంత ఆలోచించినా నాకది తప్పనిపించలేదని చెబితే అబద్ధం. తప్పే. అయినా చేశాను.

ఆయన వచ్చి కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ఆ రోజు ప్రార్థన కొంచెం ఎక్కువసేపే చేసుకున్నాడు. మూడు కార్డులనూ వీలైనంత ఎడంగా పట్టుకున్నాను. బొటనవేలు ఈ చివరనుంచి ఆ చివరికి వెళ్లింది, ఆగింది, మళ్లీ వెనక్కి వచ్చింది. ఒకటి లాగి కళ్లు తెరిచాడు. గొర్రెల కాపరి.

"మంచోడే" అన్నాడు నవ్వుతూ.

ఆయన దాన్ని చూస్తుండగా తొడ కిందివి మిగిలినవాటితో కలిపేసి నేను రాణిని పెట్టుకున్నాను. ఆట ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఆయన కాపరి ముందు సైనికులను గోడలా పెట్టుకుని బాగానే కాచుకున్నాడు, కానీ ఆయన నా సైనికుల్లో ఒకణ్ణి కొడితే నాకు ఒక కార్డు వచ్చేది. చివరికి గోడ కూలింది, కాపరి చచ్చాడు. ఆయన కార్డులు సర్ది డబ్బాలో పెడుతూ, "వెళ్లి పాపను చూసిరా" అన్నాడు. గెలిచినప్పుడు నేను చాలా అల్లరి చేసేవాణ్ణి. ఆ రోజు చేయలేదు.

గల్ఫ్‌లో ఎవరు సెలవు మీద వెళ్తున్నా మిగతావాళ్ల సామాను కొంత మోయాల్సిందే. అన్నయ్య కొడుక్కి ఒక రిమోట్ కారు, భార్యకు చీర ప్యాక్ చేసి నా పెట్టెలో పెట్టాడు. మా ఊరు చేరాను. పాప మొదటి మూడు రోజులూ నన్ను చూసి ఏడ్చింది, నాలుగో రోజు నా చేతిలో జంతిక తీసుకుంది, ఐదో రోజు నా మీదే నిద్రపోయింది. అంత సంతోషం నాకు అంతకుముందు తెలియదు. దాన్ని ఎత్తుకుని ఉన్నప్పుడు ఆ మూడు కార్డులు నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

క్రిస్మస్ వెళ్లిన నాలుగో రోజు బస్సెక్కి బందరు వైపు వెళ్లాను. వాళ్ల ఇంటి ముందు కాగితపు నక్షత్రం ఇంకా వేలాడుతోంది. వదిన అక్కడి స్కూల్లో టీచరు. వందనాలు చెప్పి, కుర్చీ వేసి, కేకు ముక్క పెట్టింది. కుర్రవాడు కారు తీసుకుని మంచం కిందికి దూరిపోయాడు.

"మీ పాప దగ్గరికొచ్చిందా అండీ?" అని అడిగింది. వచ్చిందన్నాను.

"పోన్లెండి. ఆయన అదే రాశారు. ఆ పిల్ల తండ్రిని చూడనే లేదు, మన బాబుకి నేను ఎలాగూ గుర్తుంటాను, ఈ క్రిస్మస్‌కి తమ్ముణ్ణి పంపించి నేను ఏప్రిల్‌లో వస్తాను, ఏమీ అనుకోవద్దు అని. నాకు కష్టంగానే అనిపించిందనుకోండి. కానీ నిజమే కదా."

"ఎప్పుడు రాశారండీ?" అన్నాను.

"దసరా సెలవుల్లో వచ్చింది ఉత్తరం. ఎందుకండీ, మీకు చెప్పలేదా?"

చెప్పారన్నాను. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుని కేకు మొత్తం తిన్నాను. దసరాకీ మా ఆటకీ మధ్య నెలన్నర. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడగలేదు, ఆయన్ని చెప్పనివ్వలేదు కూడా.

జనవరి మధ్యలో దోహాలో దిగాను. ఆ రోజు శుక్రవారం. డ్రైవరు నన్ను విల్లా దగ్గర దింపి డ్యూటీకి పోయాడు. అన్నయ్య చేపల పులుసు వండి ఉంచాడు. కంచాలు పెట్టి పాప గురించి ఒక్కొక్కటే అడిగాడు. నడుస్తోందా, ఏమని పిలుస్తోంది, ఎవరి పోలిక. అన్నిటికీ చెప్పాను. తర్వాత ఇక ఉండబట్టలేక అడిగాను.

"వదిన ఉత్తరం సంగతి చెప్పింది. మీరు ముందే నాకిద్దామనుకున్నారట. మరి ఆట ఎందుకు ఆడారన్నయ్యా?"

"ఒకరికే సెలవు, రెండోవాళ్లకి ఏప్రిలేనని నాకు దసరాకి ముందే తెలిసింది. ఇంజనీరు అడిగినప్పుడు చెబుదాంలే అనుకున్నా. ఈలోగా నువ్వే ఆటన్నావు. ఊరికే ఇచ్చానంటే నీకు బరువుగా ఉంటుంది, గెలిచి వెళ్తే తేలిక గదా అని ఊరుకున్నా."

"ఒకవేళ మీరు గెలిచుంటే?"

ఆయన ముల్లు తీసి కంచం అంచున పెట్టాడు. నా వంక చూడలేదు.

"మూడు కార్డుల్లో ఎట్టా గెలుస్తానయ్యా?" అన్నాడు.