ఎర్ర మడుగు, పచ్చ సీసా

మీ ఇంటి దగ్గర మడుగు ఒక ఉదయాన ఎర్రబడితే, మీరు ముందు నీళ్లను చూస్తారా, పొరుగింటి మనిషిని చూస్తారా?

డెబ్బైలు ముగుస్తున్న ఒక వేసవిలో విశాఖలోని ఒక పరిశోధనశాల నన్ను సూక్ష్మజీవుల విభాగంలో జూనియర్ అసిస్టెంటుగా వేసింది. హోదా ప్రకారం నాకు పైన అందరూ ఉండేవారు, కింద సీసాలు మాత్రమే.

గాజువాక దాటాక ఒక పల్లెలో మడుగు ఎర్రబడిందని తెలిసి నమూనా కోసం వెళ్లాను. అందులో ఎండుచేపలు కడిగి అమ్ముకునే పైడమ్మ చిల్లంగి పెట్టిందని, అంటే చేతబడి చేసిందని, ఊరు అప్పటికే తేల్చేసింది. రెండు బాతులు చచ్చాయట. అమావాస్యలోగా ఆమె ఇల్లు ఖాళీ చేయాలని ఊరిపెద్ద అప్పలనాయుడు హుకుం. నాకు ఒళ్లు మండింది. ఇది కంటికి కనపడని జీవుల రంగనీ, పది రోజుల్లో ఇదే ఎరుపును సీసాలో పెంచి చూపిస్తాననీ అందరి ముందూ సవాలు చేశాను.

ఈ బ్యాక్టీరియా మొక్కల్లాగే వెలుతురుతో బతుకుతుంది, కానీ ప్రాణవాయువును విడవదు. దాన్ని పెంచే పద్ధతి మాకు కంఠతా వచ్చు. పోషక ద్రవంలో మడుగు నమూనా చుక్క కలిపి సీసా అంచుదాకా పోయాలి, గాలి బుడగ కూడా మిగలకుండా బిరడా బిగించాలి, బల్బు ముందు పెట్టాలి. పెట్టాను. పెరిగింది. పచ్చగా, ఆకు కుళ్లిన రంగులో!

పారబోసి మళ్లీ పెట్టాను. మళ్లీ పచ్చే. ఒక్క కణం నుంచి పుట్టిన గుంపును విడదీసి పెంచినా పచ్చే. సూక్ష్మదర్శినిలో మాత్రం మడుగులో కనిపించిన కణాలే కనిపించాయి. నేను చూస్తున్నది ఏమిటో నాకే తెలియలేదు. ఫ్రిజ్‌లో వేరే చోటి నుంచి తెచ్చిన ఎర్రటి నమూనా ఒకటి ఉంది. అది పట్టుకెళితే ఎవరికి తెలుస్తుంది? చేతిలోకి తీసుకున్నాను కూడా. విభూతి రాల్చే బాబాలు చేసేదీ ఇదేనని తోచి తిరిగి పెట్టేశాను.

పదో రోజు పచ్చ సీసాతోనే వెళ్లాను.

"ఏటి బాబూ, ఎరుపన్నావు, పసరు తెచ్చావు?" అన్నాడు నాయుడు. అందరూ నవ్వారు. పైడమ్మ నవ్వలేదు. మడుగు వాసనే వస్తోందని చూపడానికి సగం పళ్లెంలో వంపాను. మిగతా సగంతో ఉన్న సీసాను ఆమె అరుగు మీదే మరిచి బస్సెక్కాను.

మర్నాడు మధ్యాహ్నం ఆమె దాన్ని కొంగులో చుట్టుకుని పరిశోధనశాలకు వచ్చింది.

"బాబూ, నీ సీసా ఎర్రబడిపోనాది. నాను ముట్టనేదు బాబూ. నాయుడు సూసేసినాడు. నా ఇంటికాడే ఎర్రబడిందంట, ఇంక సాచ్చికం ఎందుకంట."

సీసా సగం ఖాళీ. ఆ సగంలో గాలి. అప్పుడు వెలిగింది: ఈ జీవి గాలి లేనప్పుడు పచ్చగా, తెరిచిన మడుగులోలాగా గాలి తగిలితే ఎర్రగా మారుతుంది. మా పద్ధతి మొదట చేసే పనే గాలిని తరిమెయ్యడం!

ఆ సాయంత్రమే పచ్చ ద్రవంతో నిండు సీసా ఒకటి, సగం సీసా ఒకటి నాయుడి అరుగు మీద పెట్టించాను. మర్నాటికి నిండు సీసా పచ్చగానే ఉంది, సగం సీసా ఎర్రబడింది. నాయుడి బావమరిది దాన్ని ఎత్తి చూసి, "ఏటి బావా, సిల్లంగి నీకాడే ఉందేటి? నువ్వెప్పుడు ఖాళీ సేత్తన్నావు?" అన్నాడు. అమావాస్య దాటింది. పైడమ్మ ఇల్లు ఖాళీ చేయలేదు. కొందరు ఆమె దగ్గర చేపలు కొనడం మాత్రం మానేశారు. బాతులు ఎందుకు చచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు.

చూడకముందే ఫలితం ప్రకటించడంలో నాకూ నాయుడికీ తేడా లేదు. నా మాట తప్పు అని చూపగల సీసా నా చేతిలో ఉంది, అంతే. నా పంతానికి మూల్యం పైడమ్మ చెల్లించబోయింది.

మీ ఊళ్లో నీళ్లు రంగు మారి, అది ఫలానా మనిషి చిల్లంగేనని ఎవరైనా అంటే, వింటూ నిలబడకండి. ఆ నీళ్లు సీసాలో పట్టండి. తీసుకెళ్లి, ఆ మాట అన్నవాడి అరుగు మీద పెట్టండి.