రెండోసారికి ఆగే కారు

"...తొక్కి పట్టుమంటే పట్టాలె గని, మళ్ల మళ్ల తొక్కుతవేందే అంతయ్యన్నా!" కారు కింద నుంచి మెకానిక్ సాముయేలు అరిచాడు. "నేను స్క్రూ ఇప్పంగనే నువ్వు కాలు తీస్తున్నవు. పోయిన గాలి మళ్ల లోపటికొస్తున్నది."

"కారు నాదా, నీదా?"

"కారు నీదే. ఆ కాలు ఎవరిదో చెప్పు!"

మొయినాబాద్ రోడ్డు పక్క షెడ్డులో అంతయ్య అంబాసిడర్ పొద్దుటి నుంచీ జాకీల మీదే ఉంది. సాముయేలు బ్రేకు డ్రమ్ములు లేతు మిషను మీద నునుపు చేయించాడు, కొత్త లైనర్లు వేశాడు, మెల్లగా తొక్కినా గట్టిగా పట్టేలా బూస్టర్ కూడా బిగించాడు. ఇక బ్రేకు పైపుల్లోని గాలి తీయాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే, ఒకరు చక్రం దగ్గర స్క్రూ వదిలి బిగించాలి.

ఆ కారు మొదటి తొక్కుకు ఏనాడూ ఆగలేదు, రెండోదానికే అందుకునేది. అంతయ్య ఇరవై ఏళ్లు అలాగే నడిపాడు. హిమాయత్‌నగర్ ఊరి పెళ్లికొడుకులూ, చేవెళ్ల దవాఖానకు పోయే నిండుచూలాళ్లూ అందులోనే ఎక్కారు. వేరేవాళ్లు స్టీరింగు పడితే మొదటి మలుపులోనే దిగిపోయేవారు. "అది నా కాలు మాటే ఇంటది" అని చెప్పుకునేవాడు.

గండిపేట వైపు సాఫ్ట్‌వేర్ వాళ్ల ఇళ్లు లేచాక రోడ్డు నిండా కొత్త కార్లు. అవి తొక్కిన చోటే ఆగుతాయి. మొన్న అలా ఆగినదాన్ని తప్పించబోయి, కూతురు నీలవేణి అంబాసిడర్‌ను కంది చేలోకి దింపింది.

"నీ కాల్ల బలం లేదు" అన్నాడు అంతయ్య.

"బ్రేకులు చేపియ్యకుంటే ఈ వారం పెండ్లి కిరాయికి కారు కదలదు బాపూ" అంది ఆమె.

ఇప్పుడు తండ్రిని జరిపి ఆమే సీట్లో కూర్చుంది. సాముయేలు "వదులు" అనేదాకా ఆమె కాలు కదలలేదు. నాలుగు చక్రాలూ అయ్యేసరికి పెడల్ పైనే గట్టిగా నిలిచింది.

ట్రయల్‌కు అంతయ్యే నడిపాడు. కూతురు పక్కన, సాముయేలు వెనక. హిమాయత్‌నగర్ దగ్గర ఎవరో చెయ్యెత్తితే ముందున్న షేర్ ఆటో ఆగింది. అంతయ్య తొక్కాడు. బ్రేకు వెంటనే పట్టుకుంది. అలవాటు కొద్దీ అతని కాలు వదిలేసింది. రెండోసారి తొక్కేలోపు ఆటో వెనక సీటులోని ముసలమ్మ ముఖం ముందు అద్దం నిండా వచ్చింది. కారు ఊగి ఆగింది. సాముయేలు నుదురు ముందు సీటుకు కొట్టుకుంది.

"కండ్లు నెత్తికెక్కినయా?" అంది ముసలమ్మ.

"బ్రేకు మంచిగనే ఉన్నదన్నా" అన్నాడు సాముయేలు, నుదురు రుద్దుకుంటూ.

అంతయ్య ఖాళీ రోడ్డు చూసి మళ్లీ నడిపాడు. "ఒక్కసారే" అని పైకే అనుకుంటూ తొక్కితే ఒక్కసారికే ఆగింది. ఇంకాస్త దూరంలో మేక అడ్డం వచ్చింది. కాలు రెండుసార్లు తొక్కింది. మేక తప్పించుకుంది.

"మునుపటి లెక్క చెయ్యరాదా?" అద్దంలో సాముయేలును చూస్తూ అడిగాడు.

"బాగు చేసినదాన్ని ఖరాబు చెయ్యమంటవా అన్నా?"

అంతయ్య కారు పక్కకు ఆపి దిగాడు. ముందు నుంచి చుట్టి వచ్చి కూతురి వైపు తలుపు తీశాడు.

"స్టీరింగు దిక్కు జరుగు బిడ్డా. రేపు పెండ్లికొడుకును నువ్వే తీస్కపో. నేను పక్కన కూసుంట."